అశ్వహృదయం

మహాభారతంలోని నలోపాఖ్యానంలో ఒక చక్కని ఘట్టం ఉంది. బాహుకుడనే మారుపేరుతో అయోధ్యలో ఋతుపర్ణ మహారాజు అశ్వశాలను చూచుకొంటున్న నలుడు, ఒక్క దినంలో రాజును విదర్భకు చేర్చవలసి వచ్చింది. శాలలో బలిసి నిగనిగలాడే గుర్రాలు ఎన్నో ఉండగా, బాహుకుడు వాటిని విడిచి బక్కచిక్కిన గుర్రాలను ఏరి రథానికి పూన్చాడు. రాజుకు కోపమూ సందేహమూ కలిగాయి. అంత దూరం ఈ బక్కప్రాణులు ఎలా పరుగెత్తగలవని అడిగాడు. బాహుకుడు వాటి మేనిపై ఉన్న సుడులను, శుభలక్షణాలను వివరించాడు. చివరకు ఆ గుర్రాలే రథాన్ని వాయువేగంతో గమ్యానికి చేర్చాయి. పైకి కనిపించని సత్తువను కనిపెట్టగల ఆ విద్యకు భారతం 'అశ్వహృదయం' అని పేరు పెట్టింది. విరటుని కొలువులో దామగ్రంథి అనే పేరుతో గుర్రాలను కాచిన నకులుడు కూడా ఈ విద్యలో నిష్ణాతుడే. మన తెలుగులో మనుమంచి భట్టు అశ్వలక్షణాలను గురించి ప్రత్యేకంగా ఒక పద్యగ్రంథమే రచించాడు.

రథాలు పోయాయి, రాజుల అశ్వశాలలూ పోయాయి. ఆ విద్య మాత్రం పందెపు గుర్రాలను తీర్చిదిద్దే శిక్షకుల చేతిలో నేటికీ బ్రతికి ఉంది. ఇరవయ్యవ శతాబ్దంలో ఇంగ్లండు దేశపు సముద్రతీరాన ఒక టాక్సీ డ్రైవరు బాహుకుని వలెనే, ఇతరులు వదలుకొన్న ఒక గుర్రాన్ని ఎంచుకొని లోకాన్ని ఆశ్చర్యపరిచాడు. ఆయన పేరు డొనాల్డ్ మెకేన్. ఎర్రని జుట్టు కారణంగా అందరూ ఆయనను 'జింజర్' మెకేన్ అని పిలిచేవారు. ఆ గుర్రం పేరు రెడ్ రమ్.

గుర్రపు పందెం అనగానే మన ఇళ్లలో పెద్దలు ముఖం చిట్లిస్తారు. జూదంలో ఆస్తులు పోగొట్టుకొన్న కుటుంబాల కథలు విన్న వారికి ఆ భయం సహజం, సమంజసం కూడా. అయితే పందెం కాసేవాని లోకం వేరు, గుర్రాన్ని పెంచేవాని లోకం వేరు. చూచేవారి కన్నులు రౌతుపైన, గుర్రంపైన నిలుస్తాయి. పందెం నడిచేది కొన్ని నిమిషాలు. దాని వెనుక నెలల తరబడి తెల్లవారకముందే లేచి, దాణా కొలిచి, కాళ్లు తడిమి, దౌడు తీయించి, ఏ గుర్రం ఏ దినాన ఎంత దూరం పరుగెత్తాలో నిర్ణయించే వ్యక్తి శిక్షకుడు. గుర్రానికి యజమాని వేరొకరు, స్వారీ చేసే రౌతు వేరొకరు. యజమాని ధనానికి, రౌతు ప్రాణానికి, గుర్రం ఆరోగ్యానికి పూచీ పడవలసినవాడు మాత్రం శిక్షకుడే. గుర్రం నోరు విప్పి చెప్పలేదు. మేత మిగిల్చినా, ఒక గిట్టపై బరువు ఆనించకుండా నిలుచున్నా, చెవులు వెనుకకు వాల్చినా దాని అర్థం గ్రహించగలవాడే ఈ వృత్తిలో నిలుస్తాడు.

మెకేన్ 1930 సెప్టెంబరు 21న సౌత్‌పోర్ట్ పట్టణంలో జన్మించారు. ఇది లివర్‌పూల్ నగరానికి ఉత్తరంగా ఉన్న సముద్రతీర పట్టణం. పోటు తీసినప్పుడు ఇక్కడ సముద్రం చాలా దూరం వెనుకకు పోయి, మైళ్ల కొద్దీ తడి ఇసుక మైదానం బయటపడుతుంది. బాల్యంలో మెకేన్ ఆ ఇసుకపై రొయ్యలు పట్టేవారి బండిగుర్రాలను చూచారు. కాళ్లు చెడిన గుర్రాలు కూడా రోజూ ఉప్పునీటిలో నడిచి నడిచి బాగుపడడం ఆయన గమనించారు. ఆ జ్ఞాపకం ముప్పై ఏళ్ల తరువాత ఆయనకు అక్కరకు వచ్చింది.

సౌత్‌పోర్ట్‌కూ లివర్‌పూల్‌కూ నడుమ ఎయిన్‌ట్రీ పందెపు మైదానం ఉంది. ఏటేటా అక్కడ 'గ్రాండ్ నేషనల్' అనే పందెం జరుగుతుంది. హైదరాబాదులోని మలక్‌పేట మైదానంలో మనం చూచేవి చదును నేలపై సాగే పందేలు. గ్రాండ్ నేషనల్ అటువంటిది కాదు. అది అడ్డంకులను దూకే పందెం. మెకేన్ కాలంలో దాని నిడివి నాలుగున్నర మైళ్లు, అనగా ఏడు కిలోమీటర్లకు పైమాట. దారిలో ముప్పై సార్లు ఎత్తైన కంచెలు దూకాలి. కొన్ని కంచెల వద్ద నీటి కాలువలు, గోతులు ఉంటాయి. ఒక కంచెకు, 1839లో అక్కడి కాలువలో పడిన బీచర్ అనే కెప్టెన్ పేరే నిలిచిపోయింది. పందెంలో దిగిన గుర్రాలలో సగం కూడా చివరకు చేరని సంవత్సరాలు ఉన్నాయి.

ఆ పందెంలో మరొక చిక్కు ఉంది. గుర్రాలన్నీ ఒకే బరువుతో పరుగెత్తవు. మేలైన గుర్రమని పేరు పొందినదానికి ఎక్కువ బరువు, సామాన్యమైనదానికి తక్కువ బరువు నిర్ణయిస్తారు. రౌతు బరువు చాలకపోతే జీనులో సీసపు పలకలు పెట్టి ఆ లోటు పూరిస్తారు. అన్నింటికీ సమానమైన అవకాశం కలిగించడం ఈ ఏర్పాటు ఉద్దేశం. గెలిచిన కొద్దీ బరువు పెరుగుతుంది కనుక, ఈ పందేన్ని రెండుసార్లు గెలవడం అత్యంత కష్టం.

మెకేన్‌కు పందెపు గుర్రాల శిక్షకునిగా అనుమతి ఉన్నా, దానితో ఇల్లు గడవలేదు. టాక్సీ నడిపారు, పాత కార్లు అమ్మారు. పేరున్న శిక్షకులకు వందల ఎకరాల పచ్చికబయళ్లు, కొండవాలు దౌడుబాటలు ఉండేవి. ఆయన అశ్వశాల బర్క్‌డేల్ వీధిలో తన కార్ల దుకాణం వెనుక ఉన్న పెరడు. గుర్రాలను పరుగెత్తించడానికి ఆయనకు ఉన్నది సముద్రపుటొడ్డు ఒక్కటే. పోటు తీసిన వేళ చూచుకొని, ఊరి వీధుల గుండా గుర్రాలను నడిపించుకొని పోయి, ఇసుకను పళ్ల గుంటక వంటి పనిముట్టుతో గుల్లచేయించి, దానిపై దౌడు తీయించేవారు. తోటి శిక్షకులు ఆయనను లెక్కలోనికి తీసుకోలేదు. తీసుకోవలసినంత విజయాలు కూడా ఆయనకు అప్పటికి లేవు.

ఆయన టాక్సీలో ప్రతి శనివారం రాత్రి ఒక వృద్ధుడు హోటలుకు విందుకు వెళ్లేవాడు. ఆయన నోయెల్ లె మేర్ అనే ఇంజనీరు. యౌవనంలో ఆయన మూడు కోరికలు కోరుకొన్నాడట. లక్షాధికారి కావాలి, అందగత్తెను వివాహమాడాలి, గ్రాండ్ నేషనల్ గెలవాలి. మొదటి రెండూ తీరాయి. ఎనభై దాటిన వయస్సులో మూడవది మిగిలి ఉంది. దారిలో ఈ ముసలాయనా, ఆ డ్రైవరూ గుర్రాల గురించి మాట్లాడుకొనేవారు. ఆ మాటల ఫలితంగా ఆయన గుర్రాన్ని కొనే బాధ్యతను మెకేన్‌కు అప్పగించాడు.

1972 ఆగస్టులో డాంకాస్టర్ వేలంపాటలో మెకేన్ 6,000 గినీలకు ఏడేళ్ల వయస్సుగల ఒక గుర్రాన్ని పాడారు. అదే రెడ్ రమ్. 1965లో ఐర్లండులో పుట్టిన ఈ గుర్రం తల్లి మారెడ్, తండ్రి కోరం. ఆ రెండు పేర్ల చివరి అక్షరాలు కలిపి దానికి పేరు పెట్టారు. దానిని చదును నేలపై కొద్దిదూరం పరుగెత్తే పందేలకోసం పెంచారు. 1967లో, రెండేళ్ల వయస్సులో, అది పాల్గొన్న మొదటి పందెం ఎయిన్‌ట్రీలోనే జరిగింది. అందులో మరొక గుర్రంతో సమానంగా గమ్యం చేరింది. ఆ తరువాత చేతులు మారుతూ, శిక్షకులు మారుతూ, ఎన్నో పందేల అలసటతో ఈ వేలానికి చేరింది.

కొన్న తరువాత సముద్రపుటొడ్డుకు తీసుకొనిపోయి మొదటిసారి నడిపించినప్పుడు గుర్రం కుంటింది. మెకేన్ గుండె జారిపోయింది. యజమాని జీవితకాలపు ఆశను, అంత ధనాన్ని తాను ఒక కుంటి గుర్రంపై పోశానా అనే భయం ఎవరికైనా కలుగుతుంది. రెడ్ రమ్‌కు గిట్టలోపలి ఎముక వాచే వ్యాధి ఉండేది. గుర్రానికి అది నయంకాని వ్యాధిగానే పరిగణించే కాలమది. మెకేన్ దానిని వెంటనే సముద్రంలోనికి తీసుకొనిపొమ్మన్నారు. చన్నీటిలో మోకాళ్ల లోతున నడిచి బయటకు వచ్చేటప్పటికి గుర్రం కుంటడం మానింది. అది మొదలు ప్రతిదినం దౌడు తరువాత సముద్రస్నానం దాని నిత్యకృత్యమయింది.

దీనిని మహిమగా భావించనక్కరలేదు. చన్నీరు వాపును తగ్గిస్తుంది. గట్టినేలపై గిట్ట తాకినప్పుడు కలిగే అదురును తడి ఇసుక చాలావరకు తనలో ఇముడ్చుకొంటుంది. సంపన్న శిక్షకుల పచ్చికబయళ్లపై వేసవిలో నేల రాయిలా గట్టిపడుతుంది. శీతాకాలంలో మంచు గడ్డకడుతుంది. సౌత్‌పోర్ట్ ఇసుక మాత్రం రోజుకు రెండుసార్లు సముద్రం దున్ని తడిపి వెళ్లే పొలం వంటిది. మెకేన్ పేదరికం ఆ ఒక్క గుర్రం పాలిట వరమయింది. అయితే ఆ వరాన్ని గుర్తుపట్టడానికి, బాల్యంలో బండిగుర్రాల కాళ్లకేసి చూచిన కన్ను ఒకటి కావలసి వచ్చింది.

1973 మార్చి 31న రెడ్ రమ్ గ్రాండ్ నేషనల్ బరిలో నిలిచింది. దాని రౌతు బ్రయన్ ఫ్లెచర్. దానితోపాటు సమానంగా ఆశలు పెట్టుకొన్న మరొక గుర్రం క్రిస్ప్. ఆస్ట్రేలియా నుండి వచ్చిన ఈ మహాకాయానికి అత్యధిక బరువు, 12 స్టోన్లు, అనగా సుమారు 76 కిలోగ్రాములు నిర్ణయించారు. రెడ్ రమ్‌కు 66 కిలోగ్రాములకు కొంచెం తక్కువ. పందెం మొదలైన కొంతసేపటికే క్రిస్ప్ ముందుకు దూసుకొనిపోయింది. దాని పక్కనే పరుగెత్తుతున్న గ్రే సోంబ్రెరో అనే గుర్రం 'చెయిర్' అనే కంచె వద్ద పడి ప్రాణం కోల్పోయింది. ఆపై క్రిస్ప్‌కు దరిదాపుల్లో ఎవరూ లేరు. ఇరవై గుర్రాల నిడివికి పైగా ముందంజలో, ఒక్కొక్క కంచెనూ పక్షిలా దాటుతూ పోయింది. వెనుక వస్తున్న గుర్రాలలో ఫ్లెచర్ ఒక్కడే ఆశ వదలుకోక వెంటాడాడు.

చివరి కంచె దాటిన తరువాత గమ్యానికి ఇంకా 450 మీటర్ల పరుగు ఉంటుంది. అక్కడ క్రిస్ప్ బలం ఉడిగింది. దాని రౌతు రిచర్డ్ పిట్‌మన్ కొరడా ఎత్తగానే అది దారి తప్పి తూలింది. ఆ పొరపాటు తనదేనని పిట్‌మన్ తరువాత ఎన్నోసార్లు చెప్పుకొన్నాడు. పది కిలోగ్రాముల అదనపు బరువు మోస్తూ తూలుతూ వస్తున్న ఆ గుర్రాన్ని, గమ్యానికి కొన్ని అడుగుల దూరంలో రెడ్ రమ్ దాటింది. ముప్పాతిక గుర్రం నిడివి తేడా. పట్టిన కాలం 9 నిమిషాల 1.9 సెకన్లు. అంతకు ముందున్న రికార్డును గెలిచిన గుర్రమే కాక ఓడిన క్రిస్ప్ కూడా అధిగమించింది. లె మేర్ మూడవ కోరిక తీరింది. ఆ దినం ప్రేక్షకులలో ఎందరో రెడ్ రమ్ గెలుపుకంటె క్రిస్ప్ ఓటమిని తలచుకొని కంటతడి పెట్టారు. అది న్యాయమే. భారతంలో మనకు కర్ణుడు జ్ఞాపకం ఉన్నట్లు, ఆ పందెం చూచినవారికి క్రిస్ప్ జ్ఞాపకం ఉండిపోయింది.

తక్కువ బరువు వల్లనే రెడ్ రమ్ గెలిచిందని విమర్శకులు అన్నారు. మరుసటి ఏడాది దానికే 12 స్టోన్ల బరువు పడింది. 1974లో ఆ బరువుతోనే అది ఏడు గుర్రాల నిడివి తేడాతో గెలిచింది. వరుసగా రెండేళ్లు ఈ పందెం గెలిచిన గుర్రం 1935, 1936ల నాటి రేనాల్డ్స్‌టౌన్ తరువాత మరొకటి లేదు. కొద్ది వారాలకే స్కాట్లండులో జరిగిన స్కాటిష్ గ్రాండ్ నేషనల్ కూడా రెడ్ రమ్‌దే. 1975లో లెస్కార్గో చేతిలో, 1976లో రాగ్ ట్రేడ్ చేతిలో ఓడి రెండవ స్థానంలో నిలిచింది. 1976 నుండి దాని రౌతు టామీ స్టాక్.

1977 నాటికి రెడ్ రమ్‌కు పన్నెండేళ్లు. దూకే పందేలకు అది వార్ధక్యమే. ఆ శీతాకాలపు చిన్న పందేలలో అది పెద్దగా రాణించలేదు. గుర్రం పని అయిపోయిందని పత్రికలు వ్రాశాయి. మెకేన్ కలవరపడలేదు. ఆయన లెక్క వేరు. గుర్రాన్ని ఏడాది పొడుగునా పదునుగా ఉంచడం సాధ్యం కాదు. రైతు నాటు వేసిన నాటినుండి కోతనాటికి కంకి పండేటట్లు చూచుకొన్నట్లు, ఏప్రిల్ నెలలో ఒక్క దినానికి దాని సత్తువ పరిపక్వమయ్యేటట్లు ఆయన మేతను, దౌడును, విశ్రాంతిని కూర్చుకొంటూ వచ్చారు. మధ్యలోని ఓటములు ఆ వ్యవసాయంలో భాగం. ఏప్రిల్ 2న ఎయిన్‌ట్రీలో ముందు పరుగెత్తుతున్న ఆండీ పాండీ రెండవ చుట్టులో బీచర్ కాలువ వద్ద పడిపోయింది. అక్కడినుండి రెడ్ రమ్ ఒంటరిగా సాగి 25 గుర్రాల నిడివి తేడాతో గమ్యం చేరింది. గ్రాండ్ నేషనల్‌ను మూడుసార్లు గెలిచిన గుర్రం అది ఒక్కటే. ఐదేళ్లలో ఐదుసార్లు పాల్గొని మొదటి లేదా రెండవ స్థానం కంటె దిగువకు పోలేదు. ఒక్కసారి కూడా పడలేదు.

ఆ డిసెంబరులో బి.బి.సి. టెలివిజన్ వారు ఒక క్రీడా సన్మానసభకు రెడ్ రమ్‌ను స్టూడియోకే రప్పించారు. టామీ స్టాక్ వేరొక చోటినుండి మాట్లాడాడు. ఆ గొంతు వినగానే గుర్రం చెవులు నిక్కబొడుచుకొంది. జట్టులో ఎవరిపట్ల దానికి ఎంత మమకారం ఉన్నదో ఆ క్షణంలో లక్షలాది ప్రజలు చూచారు. మరుసటి ఏడాది ఆరోసారి బరిలో దిగవలసి ఉండగా, పందేనికి ముందు దినం కాలి ఎముకలో సన్నని చీలిక కనబడింది. మెకేన్ దానిని విరమింపజేశారు. దేశమంతా ఎదురుచూస్తున్న సమయంలో ఆ నిర్ణయం తీసుకోవడానికి కావలసింది గెలిపించే నేర్పు కాదు.

ఆ సంవత్సరాలలో ఎయిన్‌ట్రీ మైదానం అమ్మకానికి వచ్చి, ఇళ్ల స్థలాలుగా మారిపోతుందేమోనన్న భయం ఉండేది. ప్రతి పందేన్నీ ఇదే ఆఖరిదని చెప్పుకొనేవారు. రెడ్ రమ్ పేరు ప్రజలలో కలిగించిన అభిమానం ఆ మైదానాన్ని నిలబెట్టిన కారణాలలో ఒకటి. 1983లో ప్రజల విరాళాలతో అది పందేల సంస్థ చేతికి వచ్చి స్థిరపడింది.

1990లో మెకేన్ సముద్రతీరాన్ని విడిచి చెషైర్ ప్రాంతానికి తరలివెళ్లారు. రెడ్ రమ్ కూడా వెంట వెళ్లింది. 1995 అక్టోబరు 18న ముప్పై ఏళ్ల నిండు వయస్సులో అది కన్నుమూసింది. ఎయిన్‌ట్రీ మైదానంలో గమ్యస్తంభం పక్కన, తల ఆ స్తంభం వైపు ఉండేటట్లుగా దానిని పూడ్చిపెట్టారు.

ఒక్క గుర్రంతో పేరు తెచ్చుకొన్నవాడని మెకేన్‌ను తేలికగా మాట్లాడినవారు ఉన్నారు. 2004లో 73 ఏళ్ల వయస్సులో ఆయన తీర్చిదిద్దిన ఆంబర్లీ హౌస్ అనే గుర్రం గ్రాండ్ నేషనల్ గెలిచింది. దానితో నాలుగు విజయాలు గడించి, ఫ్రెడ్ రిమెల్ అనే సుప్రసిద్ధ శిక్షకునితో సమానుడయ్యారు. 2006లో అశ్వశాలను తన కుమారుడు డొనాల్డ్‌కు అప్పగించారు.

2011 ఏప్రిల్ 9న కుమారుని గుర్రం బాలబ్రిగ్స్ ఆ పందేన్నే గెలిచినప్పుడు తండ్రి మైదానంలో ఉన్నారు. అదే పందెంలో రెండు గుర్రాలు చనిపోయాయి. ఎండకు, పరుగుకు గెలిచిన గుర్రమే నిలువలేని స్థితిలో ఉంటే దానిపై నీళ్లు చల్లవలసి వచ్చింది. కొరడాను మితిమీరి వాడినందుకు దాని రౌతును ఐదు దినాలు నిషేధించారు. ఆ సన్నివేశాలు చూచి మూగజీవాలను ఇంత హింసించవచ్చునా అని దేశంలో పెద్ద చర్చ జరిగింది. ఆ ప్రశ్న సబబైనదే. కంచెలలోని గట్టి కొయ్యచట్రాలను 2013లో తీసివేసి వంగే ప్లాస్టిక్ చట్రాలు అమర్చారు. 2024 నుండి గుర్రాల సంఖ్యను 40 నుండి 34కు తగ్గించారు. మెకేన్ మాత్రం పాతకాలపు మనిషి. ఎత్తైన కంచెలే ఆ పందేనికి ప్రాణమని నమ్మినవారు. గుర్రం కాలు నొప్పిని కనిపెట్టడంలో అంత సున్నితమైన ఆయన, ఈ విషయంలో అంత మొండిగా ఉండడం వింతగా తోస్తుంది. వృత్తిని ప్రాణంగా ప్రేమించినవారిలో ఇటువంటి వైరుధ్యం అరుదేమీ కాదు.

కుమారుని విజయం చూచిన ఐదు నెలలకు, 2011 సెప్టెంబరు 19న జింజర్ మెకేన్ మరణించారు. మరి రెండు దినాలు గడిస్తే ఆయనకు 81 ఏళ్లు నిండేవి.